నర్సింగ్‌లో చేరుతున్నారా? ఫీజు కట్టేముందు వార్డు చూడండి
పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పాసయ్యింది. ఇప్పుడు నర్సింగే చదువుతానంటోంది. బీఎస్సీ నర్సింగ్‌లో మేనేజ్‌మెంట్ సీటు ఇప్పిస్తానని విజయవాడలో ఒకాయన అడ్వాన్సు అడుగుతున్నాడు. ఇవ్వొచ్చా?
– ఒక తండ్రి, గన్నవరం

జవాబు: పైసా కూడా ఇవ్వకండి. మేనేజ్‌మెంట్ కోటా అయినా సరే, బీఎస్సీ నర్సింగ్‌కు ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ చదివి ఉండాలి. వాటిలో మొత్తం మీద 45 శాతం రావాలి, ఎస్సీ, ఎస్టీలకైతే 40. ఇంగ్లిష్ పాసవ్వాలి, చేరే ఏడాది డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండాలి. ఎంపీసీ మెమోతో కాలేజీ చేర్చుకున్నా, యూనివర్సిటీ పరిశీలనలో పట్టుబడుతుంది. అప్పటికి డబ్బూ పోతుంది, ఏడాదీ పోతుంది.

మీ అమ్మాయికి జీఎన్ఎం ఉంది కదా. మూడేళ్ల నర్సింగ్ డిప్లొమా కోర్సు, ఇంటర్‌లో ఏ గ్రూపైనా పరవాలేదు, 40 శాతం మార్కులు, ఇంగ్లిష్ పాస్ ఉంటే చాలు. అది పూర్తయ్యి రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టరయ్యాక రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేసుకోవచ్చు. చుట్టుదారే అయినా చేరాల్సిన చోటికే చేరుస్తుంది.

ప్రశ్న: నాది బైపీసీ. గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల ఇన్ని కాలేజీలున్నాయి, వెబ్ ఆప్షన్లు ఏ వరసలో పెట్టుకోవాలో తెలియడం లేదు. సర్టిఫికెట్లు ఏవేవి కావాలి?
– విద్యార్థిని, తెనాలి

జవాబు: బిల్డింగ్ చూసి వరస పెట్టకమ్మా. నర్సింగ్ కాలేజీకి ఆసుపత్రే ప్రాణం. బీఎస్సీ కాలేజీకి కనీసం 100 పడకల సొంత ఆసుపత్రి ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన. కాగితం మీద పడకలు ఎవరైనా చూపిస్తారు. మామూలు రోజున ఉదయం పదింటికి వెళ్లి ఓపీ దగ్గర కాసేపు నిలబడు, వీలైతే వార్డు గుమ్మం దాకా వెళ్లు. దుప్పట్లు నలగని మంచాలు వరసగా కనిపిస్తే ఆ కాలేజీని జాబితాలో కిందికి తోసెయ్యి. రోగి లేనిచోట నువ్వు ఇంజెక్షన్ చెయ్యడం బొమ్మ మీదే నేర్చుకోవాలి.

తర్వాత అక్కడి ఫైనలియర్ పిల్లల్ని అడుగు. ప్రసవాల పోస్టింగు ఎక్కడ వేస్తున్నారు? మానసిక రోగుల వార్డుకు ఎక్కడికి పంపుతున్నారు? బస్సు ఖర్చు ఫీజులో ఉందా, వేరేనా? డ్యూటీలో ట్యూటర్ పక్కన ఉంటారా, దింపేసి వెళ్లిపోతారా? ఈ చివరి ప్రశ్నకు పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకుంటే అదే జవాబు.

రోజూ తెనాలి నుంచి తిరగాలని మాత్రం అనుకోకు. ఉదయం డ్యూటీ అంటే ఎనిమిదికల్లా వార్డులో ఉండాలి. రైలు ఆలస్యమైనా, బస్సు ఇరుక్కుపోయినా హాజరు పోతుంది. కనీసం మొదటి ఏడాది హాస్టలే నయం.

కన్వీనర్ కోటా కౌన్సెలింగ్ విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం నడుపుతుంది. ఏ పరీక్ష ర్యాంకు తీసుకుంటారో ఆ ఏటి నోటిఫికేషన్‌లోనే చూడు, సీనియర్ల మాట మీద ఉండకు. టెన్త్, ఇంటర్ మెమోలు, టీసీ, కుల ధ్రువీకరణ, ఆదాయ పత్రం, ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకో. స్టడీ సర్టిఫికెట్లు లోకల్, నాన్‌లోకల్ తేల్చడానికి. చాలామంది ఇక్కడే తడబడతారు: మధ్యలో బడి మారి ఉంటుంది, ఆ బడి మూతపడి ఉంటుంది. అలా అయితే మండల విద్యాధికారి ఆఫీసుకు ఇప్పుడే వెళ్లు, కౌన్సెలింగ్ రోజుల్లో కాదు. ఈడబ్ల్యూఎస్ పత్రం ఆ ఆర్థిక సంవత్సరానిదే అయ్యుండాలి, నిరుడు తీసుకున్నది చెల్లదు. టెన్త్ మెమోలో ఒక ఇంటిపేరు, ఆధార్‌లో ఇంకో స్పెల్లింగ్ ఉంటే ముందు ఆధార్ సరిచేయించుకో. ఒరిజినల్స్ కాలేజీకి ఇచ్చేటప్పుడు సంతకంతో రసీదు తీసుకో, అన్నీ స్కాన్ చేసి పెట్టుకో.

ప్రశ్న: పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఫస్ట్ సెమిస్టర్‌లో అనాటమీ ఒక్క ముక్క ఎక్కడం లేదు. వార్డులో మొదటి రోజు డ్రెస్సింగ్ చూసి కళ్లు తిరిగి పడిపోయాను. ఈ చదువు నాకు పనికిరాదా?
– విద్యార్థిని, గుంటూరు

జవాబు: రెండూ వేరువేరు సంగతులమ్మా. పడిపోవడానికి కారణం పిరికితనం కాదు. రక్తమో పుండో చూసినప్పుడు కొందరికి నాడి నెమ్మదించి, బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. ఖాళీ కడుపు, ఉక్కపోత, కదలకుండా నిలబడటం తోడైతే మరీను. మెస్‌లో టిఫిన్ ఇంకా కాలేదని టీ తాగి డ్యూటీకి పరిగెత్తే పిల్లలే ఎక్కువగా పడుతుంటారు. రాత్రే నాలుగు అరటిపళ్లో, బ్రెడ్డో తెచ్చి పెట్టుకో. నీళ్లు తాగి వెళ్లు. నిలబడ్డప్పుడు మోకాళ్లు బిగబట్టకు. చెవుల్లో హోరు, చల్లటి చెమట మొదలైతే ట్యూటర్‌కు చెప్పి అక్కడే నేల మీద కూర్చో. తల బద్దలు కొట్టుకోవడం కన్నా అది నయం. నాలుగైదు డ్రెస్సింగులు చూశాక చాలామందికి తగ్గిపోతుంది.

అనాటమీని పేజీలకు పేజీలు బట్టీ పట్టకు, పదాలు విడగొట్టు. ‘హెపటో’ అంటే కాలేయం, ‘నెఫ్రో’ అంటే మూత్రపిండం, చివర ‘ఐటిస్’ వస్తే వాపు, ‘ఎక్టమీ’ వస్తే తీసెయ్యడం. ఇలాంటివి ఓ వంద వచ్చాయంటే పుస్తకంలో సగం భయం పోతుంది. తెలుగులో అర్థం చేసుకో, జవాబు ఇంగ్లిష్‌లో చిన్న వాక్యాల్లో రాయి, పక్కన బొమ్మ వేసి భాగాలు గుర్తించు. థియరీలో, ప్రాక్టికల్స్‌లో విడివిడిగా 50 శాతం రావాలి, ఇంగ్లిష్ పేపర్‌కు 40 చాలు. పరీక్షకు కూర్చోవడానికి 80 శాతం హాజరు సరిపోతుంది గానీ, డిగ్రీ చేతికి రావాలంటే క్లినికల్ హాజరు నూటికి నూరు ఉండాలి. పండక్కి ఎగ్గొట్టిన డ్యూటీ చివర్లో చెయ్యాల్సిందే.

ప్రశ్న: నేను రాసిన బీపీలన్నీ 120/80 ఉన్నాయని సిస్టర్ తిట్టారు. నిజం చెప్పాలంటే స్టెత్‌లో ఆ చప్పుడు నాకు సరిగ్గా వినపడటం లేదు.
– విద్యార్థి, విజయవాడ

జవాబు: తిట్టడం న్యాయమే బాబూ. ఒక వార్డులో అందరికీ ఒకే బీపీ ఉండదు. వినపడకపోతే ‘వినపడలేదు’ అని చెప్పు, అంకె వేసెయ్యకు. దాన్ని చూసే మందు రాస్తారు.

రోగిని ఐదు నిమిషాలు కూర్చోబెట్టు, చెయ్యి గుండె ఎత్తులో ఆనించు. చొక్కా చెయ్యి మీద కఫ్ (గాలి కొట్టే పట్టీ) చుట్టకు. కఫ్ లోపలి సంచి చేతి చుట్టుకొలతలో 80 శాతం కప్పాలి. లావు చేతికి చిన్న కఫ్ వేస్తే బీపీ లేనివాళ్లకు కూడా ఉన్నట్టు చూపిస్తుంది. ముందు మణికట్టు నాడి పట్టుకొని గాలి కొట్టు, నాడి ఏ అంకె దగ్గర ఆగిందో చూడు. గాలి వదిలేసి, ఒక్క నిమిషం ఆగి, స్టెత్ పెట్టి అంతకు 30 ఎక్కువ దాకా కొట్టు. సెకనుకు 2, 3 మి.మీ. చొప్పున వదులు. జర్రున వదిలేస్తావు కాబట్టే నీకు మొదటి చప్పుడు దొరకడం లేదు. స్టెత్ చెవి గొట్టాలు ముందుకు, ముక్కు వైపు తిరిగి ఉన్నాయో లేదో కూడా చూసుకో. సగం మంది తిప్పి పెట్టుకుంటారు.

ప్రశ్న: హెపటైటిస్ బి టీకా వేయించుకోమన్నారు. ఇప్పుడే తొందరేముంది?
– విద్యార్థిని, మంగళగిరి

జవాబు: మూడు డోసులు పూర్తవడానికి ఆరు నెలలు పడుతుంది: ఇవాళ ఒకటి, నెలకు ఒకటి, ఆరో నెలలో ఒకటి. సూదులు పట్టుకునేది అంతకంటే ముందే. చివరి డోసు వేసుకున్న ఒకటి రెండు నెలలకు యాంటీబాడీ పరీక్ష చేయించుకో, లీటరుకు కనీసం 10 యూనిట్లు ఉండాలి.

ఈలోగా సూది గుచ్చుకుంటే సబ్బుతో, పారే నీళ్లతో కడుగు. పిండకు, స్పిరిట్ పొయ్యకు. తిడతారని దాచకుండా వెంటనే వార్డు ఇన్‌ఛార్జ్‌కు చెప్పు. హెచ్ఐవీ నివారణ మందులు అవసరమైతే మొదటి రెండు గంటల్లో మొదలుపెట్టడం మేలు. 72 గంటలు దాటితే ఇవ్వరు. ఇక వాడిన సూదికి మళ్లీ మూత పెట్టే అలవాటు మాత్రం చేసుకోకు. ఎక్కువగా గుచ్చుకునేది అప్పుడే.