వెనక నిలబడినవాడి గురించి రాయి

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను, రెండోసారి చేతిలో పెన్సిల్ పట్టుకుని. నువ్వే అడిగావు కాబట్టి మొహమాటం లేకుండా చెప్తున్నా. ఆస్ట్రేలియా రాక్ బ్యాండు ఏసీ/డీసీ గిటారిస్టు యాంగస్ యంగ్ మీద నువ్వు రాసిన పదకొండు పేజీల్లో నాకు గిటారు ఎక్కడా వినబడలేదు. "నిప్పులు చెరిగాడు" అని నాలుగు చోట్ల ఉంది. "విద్యుత్తు ప్రవహించింది" అని ఏడు చోట్ల ఉంది. హార్డ్ రాక్‌ని ఒకచోట "కఠిన శిలా సంగీతం" అన్నావు చూడు, అక్కడ నేను నవ్విన నవ్వుకి మీ వదిన ఏమైందోనని వంటింట్లోంచి వచ్చింది. రాక్‌ని రాక్ అనే రాయి. రిఫ్‌ని రిఫ్ అనే రాయి. మొదటిసారి వచ్చినప్పుడు మాత్రం "పాటలో మళ్ళీ మళ్ళీ తిరిగొచ్చే గిటారు ముక్క" అని ఓ మాట చెప్పు, చాలు.

ఈ తప్పు నేనూ చేశాను. పాతికేళ్ళ వయసులో ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత మ్యూజిక్ పత్రికలు ఏరుకొచ్చి, వాటిని చూసి ఒక గిటారిస్టు మీద వ్యాసం రాశాను. తుఫాను, లావా, పిడుగు, ఏదీ వదల్లేదు. అచ్చయిన పది రోజులకి ఒక పోస్టుకార్డు వచ్చింది. రాసినాయన పెళ్ళిళ్ళలో పాడే ఆర్కెస్ట్రాలో గిటారు వాయిస్తాడట. "అయ్యా, ఆయన కుడిచెయ్యి ఏం చేస్తుందో రాయలేదు. ఎడమచేతి వేళ్ళు ఎలాగూ అందరికీ కనబడతాయి" అని రాశాడు. అంతే ఉంది కార్డులో, సంతకం తప్ప. చాలా రోజులు ఆయన మీద కోపంగా ఉండేది. ఆ కార్డు ఇప్పుడు నా డిక్షనరీలో పేజీ గుర్తుగా ఉంది.

యాంగస్ కుడిచెయ్యి గురించి కూడా రాయొచ్చు. కానీ నన్నడిగితే నీ కళ్ళు స్టేజీ మీద ఇంకాస్త వెనక్కి పోవాలి. స్కూలు యూనిఫాంలో, నిక్కరు వేసుకుని, పాతతరం అమెరికన్ గిటారిస్టు చక్ బెరీ లాగా ఒంటికాలి మీద గెంతుతూ స్టేజీ అంతా తిరిగేవాణ్ణి ఎవరైనా చూస్తారు. ఆ యూనిఫాం అక్క మార్గరెట్ సలహా, బ్యాండు పేరు కూడా ఆవిడ కుట్టుమిషను మీద ఉన్న అక్షరాల్లోంచి తీసిందే అని నువ్వు బాగానే పట్టుకున్నావు. కానీ ఆ అల్లరి జరుగుతున్నంతసేపూ డ్రమ్స్ పక్కన ఒకాయన కదలకుండా నిలబడి ఉంటాడు. పల్లవి వచ్చినప్పుడు నాలుగడుగులు ముందుకొచ్చి మైకులో గొంతు కలుపుతాడు. పల్లవి అయిపోగానే వెనక్కి వెళ్ళిపోతాడు. ఆయన మాల్కమ్ యంగ్, యాంగస్ సొంత అన్న. 1973లో ఆ బ్యాండు పెట్టింది ఆయనే. నీ వ్యాసంలో ఆయన పేరు ఒక్కసారి వచ్చింది, అదీ బ్రాకెట్లో.

ఆయన గిటారు చూడు. 1963 నాటి గ్రెట్ష్ కంపెనీది. అన్న జార్జ్ బ్యాండులో వాయించిన హ్యారీ వాండా ఇచ్చినది. దానికున్న ఎర్ర రంగు గీకించేసి వట్టి చెక్క బయటపెట్టాడు మాల్కమ్. తీగ కదలికని కరెంటుగా మార్చే పికప్‌లు పీకేసి, ఒక్కటి, బ్రిడ్జి (తీగల్ని కింది చివర మోసే పట్టీ) దగ్గరది మాత్రం ఉంచాడు. మిగతావి ఉన్నచోట బొక్కలు అలాగే కనబడతాయి. ఫొటోలో చూస్తే సెకండ్‌హ్యాండ్ షాపులో కూడా ఎవరూ కొనని గిటారు అనిపిస్తుంది. తమ్ముడు యాంగస్ సన్న తీగలు వాడతాడు, వాటిని వంచి సోలో పలికించాలి కాబట్టి. మాల్కమ్‌వి 12 గేజ్ (గేజ్ అంటే తీగ మందం కొలత) నుంచి మొదలయ్యే లావు తీగలు. వాటిని వంచాలంటే వేళ్ళు నొప్పెడతాయి. కానీ ఎంత గట్టిగా కొట్టినా శ్రుతి చెదరదు. ఆయనకి కావలసింది అదే.

ఇంకొకటి, చాలామంది పొరబడేది. హార్డ్ రాక్ అంటే ఆంప్లిఫయర్‌లో డిస్టార్షన్, అంటే శబ్దాన్ని గరగరలాడించే గుణం, గొంతుదాకా పెంచెయ్యడం అనుకుంటారు. అలా పెంచి ఆరు తీగల కార్డు (కొన్ని స్వరాలు ఒకేసారి మోగించడం) వాయిస్తే గ్రైండర్‌లో వేసిన పప్పులా అంతా కలిసిపోతుంది, ఏ స్వరం ఏదో తెలియదు. మాల్కమ్ దాన్ని తగ్గించి పెట్టుకునేవాడు. ఏ, డీ, ఈ, జీ లాంటి మామూలు ఓపెన్ కార్డులు, గిటారు క్లాసులో మొదటి నెలలో నేర్పేవి. బరువంతా కుడిచేతి దెబ్బలో ఉంటుంది. అందుకే ఆ కార్డులో ఒక్కో తీగా విడివిడిగా వినబడుతుంది.

ఒక పని చెయ్యి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని 1980లో వచ్చిన 'బ్యాక్ ఇన్ బ్లాక్' పాట మొదటి అర నిమిషం విను. ఒక చెవిలో అన్న, ఇంకో చెవిలో తమ్ముడు. 'ఈ' కార్డు మీద ఒక్క దెబ్బ. ఆగుతారు. 'డీ' మీద మూడు దెబ్బలు. ఆగుతారు. 'ఏ' మీద మూడు. ఆగిన ప్రతిసారీ పూర్తి నిశ్శబ్దం, వెనక డ్రమ్స్ లెక్క మాత్రమే వినబడుతుంది. ఆ నిశ్శబ్దం ఊరికే రాదు. లావుపాటి తీగ ఒకసారి మోగితే దానంతటది ఆగదు, చేత్తో అదిమి మూయాలి. ఇద్దరూ ఒకే క్షణంలో మూయాలి. ఒకరు రవ్వంత ఆలస్యం చేసినా రిఫ్ చెడుతుంది. ఈ మూయడం గురించి నువ్వు ఒక పేరా రాయగలిగితే, ఆ ఏడు "విద్యుత్తు ప్రవహించింది"లూ కొట్టేసినా వ్యాసానికి నష్టం ఉండదు.

'ప్రభావాలు' అని నువ్వు పెట్టిన భాగం బయోడేటాలా ఉంది. చక్ బెరీ, లిటిల్ రిచర్డ్, మడ్డీ వాటర్స్, రోలింగ్ స్టోన్స్ అని వరుసగా పేర్లు. తప్పేం కాదు, నిజమే. కానీ ఆ పాటలు ఎవరింట్లో, ఎవరి రికార్డు ప్లేయర్ మీద మోగాయో చెప్పకపోతే ఆ పేర్లన్నీ గాలిలో ఉంటాయి. యంగ్ కుటుంబం స్కాట్లండ్‌లోని గ్లాస్గో నుంచి 1963లో సిడ్నీకి వలస వెళ్ళింది. మాల్కమ్‌కి పదేళ్ళు, యాంగస్‌కి ఎనిమిది. వాళ్ళ అన్న జార్జ్ అక్కడ ఈజీబీట్స్ అనే బ్యాండులో గిటారిస్టు. 1966లో వాళ్ళ 'ఫ్రైడే ఆన్ మై మైండ్' ఇంగ్లండులో కూడా హిట్టయింది. అంటే పదమూడేళ్ళ కుర్రాడికి పాప్ స్టార్ అంటే పోస్టర్ మీది బొమ్మ కాదు, ఇంట్లో అన్నయ్యే. ఆ పేరు ఎంత త్వరగా వస్తుందో, ఎంత త్వరగా పోతుందో కూడా ఆ అన్నయ్యనే చూసి తెలుసుకున్నాడు. స్కూలు మానేశాక మాల్కమ్ ఫ్యాక్టరీలో కుట్టుమిషన్లు రిపేరు చేసేవాడు. ఏసీ/డీసీ తొలి ఆల్బమ్‌లకి నిర్మాతలు జార్జ్, హ్యారీ వాండాలే. ఇదీ ప్రభావం అంటే. చక్ బెరీ ఎంత నేర్పాడో ఆ ఇల్లూ అంత నేర్పింది.

బ్యాండు జీవితం గురించి రాసిన భాగంలో తాగుళ్ళు, హోటల్ గదులు, కొట్లాటలు ఎక్కువయ్యాయి. వాటిని సగానికి కొయ్యి. ఆస్ట్రేలియా పబ్బుల్లో, తాగి అరిచే జనం ముందు రాత్రుళ్ళు వాయించి రాటుదేలిన సంగతి ఉంచు. ఆ పాటలు అంత సూటిగా ఎందుకుంటాయో అక్కడ తెలుస్తుంది. 1980 ఫిబ్రవరి 19న గాయకుడు బాన్ స్కాట్ లండన్‌లో చనిపోయిన ఘట్టానికి నువ్వు రెండు పేజీల కన్నీళ్ళు పెట్టావు. ఆయనకప్పుడు 33 ఏళ్ళు. ఆ ఒక్క అంకె చాలు. తర్వాత ఏం జరిగిందో చెప్పు. అంత్యక్రియలైన కొద్దిరోజులకే మాల్కమ్ తమ్ముడికి ఫోన్ చేసి, ఇంట్లో కూర్చుని దిగులుపడేకన్నా ఇద్దరం కూర్చుని పాటలు కడదాం రమ్మన్నాడు. ఇంగ్లండులోని న్యూకాజిల్ ప్రాంతం నుంచి బ్రయన్ జాన్సన్ కొత్త గాయకుడిగా వచ్చాడు. బహామాస్‌లో రికార్డు చేసిన 'బ్యాక్ ఇన్ బ్లాక్' ఆల్బమ్ జులైకల్లా బయటికొచ్చింది. అట్ట మొత్తం నలుపు. అది సంతాపానికని నువ్వు వివరించక్కర్లేదు, పాఠకుడికి అర్థమవుతుంది.

నీకు తెలియదనుకుంటా, ఒక సంగతి చెప్తాను. 1988లో మాల్కమ్ తాగుడు మానడానికి టూరు మధ్యలో ఇంటికెళ్ళిపోయాడు. ఆయన స్థానంలో అన్నకొడుకు స్టీవీ వచ్చాడు. ఇద్దరికీ నాలుగేళ్ళే తేడా. మన ఊళ్ళల్లో బాబాయి, అబ్బాయి ఒకే బడికి పోతుంటారే, అలాగన్నమాట. పోలికలు ఎంత దగ్గరంటే, చూడ్డానికి వచ్చినవాళ్ళలో చాలామంది మనిషి మారాడని గమనించలేదు. ఇది నవ్వుకునే సంగతే. వెనక నిలబడినవాడి బతుకు ఎలాంటిదో కూడా ఇందులోనే ఉంది. వ్యాఖ్యానం చెయ్యకుండా అలా వదిలెయ్యి.

ఇక చివరి భాగం. మాల్కమ్ 2014లో డిమెన్షియా వల్ల బ్యాండు వదిలాడు. 2017 నవంబరు 18న, 64 ఏళ్ళకి పోయాడు. జార్జ్ అంతకు నెల ముందే పోయాడు. 2008లో మొదలైన మాల్కమ్ చివరి టూరులోనే ఆయనకి మతిమరుపు పట్టుకుంది. తాను కట్టిన రిఫ్‌లనే షోకి ముందు కూర్చుని మళ్ళీ నేర్చుకుని స్టేజీ ఎక్కేవాడని తమ్ముడు తర్వాత చెప్పాడు. 35 ఏళ్ళు వాయించిన పాటలు. ఇక్కడ నీకు విశేషణాలు ముంచుకొస్తాయి, నాకు తెలుసు. పెన్ను పక్కన పెట్టి లేచి కాసేపు తిరిగిరా. సిడ్నీలో అంత్యక్రియల రోజు ఆ రంగు పోయిన గ్రెట్ష్‌ని యాంగస్ చేతుల్లో పట్టుకుని నడిచాడు. అంతవరకే రాసి ఆపు.

వచ్చే నెల పదో తారీఖులోగా తిరగరాసి పంపు. ఆరు పేజీలు దాటకూడదు. గిటారు వాయించే స్నేహితుడెవరైనా ఉంటే పంపేముందు ఆ 'ఈ', 'డీ', 'ఏ' వాయించమని పక్కన కూర్చుని చూడు, ఏ చెయ్యి ఎప్పుడు తీగల్ని మూస్తుందో రాసుకో. మీ వదిన అడిగినట్టు చెప్పమంది. పండక్కి వస్తే నా పాత క్యాసెట్లు కొన్ని నీకిచ్చేస్తాను, టేప్‌రికార్డర్ మాత్రం నువ్వే వెతుక్కోవాలి.

ప్రేమతో,
మీ అన్నయ్య