ఆర్మీలో చేరాలంటే ముందే తుపాకీ నేర్చుకోవాలా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లె. మా అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం, ఎన్‌సీసీలో ఉన్నాడు. ఆర్మీ తప్ప ఇంకేదీ వద్దంటాడు. ఖాళీ దొరికితే ఫోన్లో రైఫిళ్ల వీడియోలే. ఆయుధాల మీద ముందే పట్టుంటే అగ్నివీర్‌గా తేలిగ్గా సెలెక్ట్ అవుతారని, నెల రోజుల ‘వెపన్ ట్రైనింగ్’కి 35 వేలు కట్టమని టౌన్లో ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు చెప్పారట. వాళ్ల నాన్న అప్పు తెచ్చి కడతానంటున్నారు. పైగా వచ్చే నెల ఎన్‌సీసీ క్యాంపులో నిజమైన తుపాకీతో కాల్పిస్తారట. నాకు రెండింటి గురించీ టెన్షన్‌గా ఉంది. ఫీజు కట్టాలా? క్యాంపుకి పంపాలా?

జవాబు: అమ్మా, ఫీజు కట్టకండి. క్యాంపుకి మాత్రం తప్పకుండా పంపండి. మీరు రెండింటికీ భయపడుతున్నారు గానీ, భయపడాల్సింది మొదటిదానికే.

అగ్నివీర్ ఎంపికలో ఎక్కడా తుపాకీ గురించి పరీక్ష ఉండదు. ముందు ఆన్‌లైన్ రాత పరీక్ష. జనరల్ డ్యూటీకి అయితే జనరల్ నాలెడ్జ్, సైన్స్, లెక్కలు, రీజనింగ్. దాన్ని ఇప్పుడు తెలుగులోనే రాయొచ్చు. అది పాసైతే ర్యాలీలో పరుగు. 1.6 కిలోమీటర్లు అయిదున్నర నిమిషాల్లోపు పరిగెడితే పూర్తి మార్కులు. తర్వాత పుల్‌అప్స్, తొమ్మిదడుగుల గొయ్యి దూకడం, జిగ్‌జాగ్ బ్యాలెన్స్, ఆపైన మెడికల్. ఇన్సాస్ రైఫిల్ మ్యాగజైన్‌లో, అంటే తూటాల పెట్టెలో, ఎన్ని తూటాలు పడతాయో ఎవరూ అడగరు. ఆయుధం పట్టడం సెలెక్ట్ అయ్యాక సైన్యమే నేర్పుతుంది, అదీ మొదటి అక్షరం నుంచి. మద్రాస్ రెజిమెంట్‌కి వెళ్తే నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో, ఫిరంగి దళమైన ఆర్టిలరీకి వెళ్తే మన హైదరాబాద్ గోల్కొండ లాంటి చోట నేర్పుతారు. పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం అని ఊరుంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి తరతరాలుగా అక్కడ ఇంటింటి నుంచీ సైన్యానికి వెళ్లారు. వాళ్లెవరూ తుపాకీ కోచింగ్ తీసుకుని వెళ్లలేదు.

ఇంకో సంగతి మీ ఆయనకి చెప్పండి. పదాతి దళం వాడే ఆటోమేటిక్ ఆయుధాలు 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం నిషిద్ధ ఆయుధాలు. ప్రైవేటు కోచింగ్ సెంటర్ వాటిని పిల్లల చేతికి ఇవ్వలేదు. మామూలు తుపాకీ లైసెన్సుకైనా 21 ఏళ్లు నిండాలి. మరి ఆ 35 వేలకి వాళ్లేం చూపిస్తారు? ఎయిర్‌గన్నో, చెక్క డమ్మీయో చూపిస్తారు. అంతకు మించి ఏదైనా చూపిస్తామంటే అది ఇంకా ప్రమాదం, అక్కడికి అబ్బాయిని అస్సలు పంపకండి. ఒక మంచి జత రన్నింగ్ బూట్లు, ఒక లెక్కల పుస్తకం, రోజుకి రెండు గుడ్లు. ప్రస్తుతానికి వాడి ఖర్చు ఇంతే.

ఇక్కడి నుంచి మీ అబ్బాయి చేత చదివించండి.

బాబూ, నీకు ఆయుధాల మీద ఉన్న ఇష్టాన్ని నేను తప్పు పట్టను. ఇన్‌ఫాంట్రీలో, అంటే పదాతి దళంలో, చేరే కుర్రాడికి అది ఉండాలి కూడా. కాకపోతే వీడియోల్లో నువ్వు నేర్చుకునేది పేర్లు, అంకెలు. అవి కూడా ఒక వరసలో తెలిస్తేనే అర్థమవుతాయి. 1962 యుద్ధంలో మన జవాన్ల చేతుల్లో ఉన్నది పాత .303 రైఫిల్. ఒక్కో తూటాకీ చేత్తో బోల్ట్ (తూటాని లోపలికి తోసే కడ్డీ) లాగాలి. ఆ తర్వాత 7.62 ఎంఎం ఎస్ఎల్ఆర్ (సెల్ఫ్ లోడింగ్ రైఫిల్) వచ్చింది. ఒక తూటా పేలగానే తర్వాతిది దానంతటదే చాంబర్‌లోకి, అంటే తూటా పేలే చోటికి, ఎక్కుతుంది. 1990ల్లో పుణెలోని ఆయుధ పరిశోధన సంస్థ ఏఆర్‌డీఈ రూపొందించిన ఇన్సాస్ వచ్చింది. 5.56 ఎంఎం, 20 తూటాల మ్యాగజైన్. తూటా చిన్నది, తేలిక. అదే బరువుకి జవాను ఎక్కువ తూటాలు మోసుకెళ్లగలడు. ఇప్పుడు మళ్లీ 7.62 వైపే వెళ్తున్నాం. అమేఠీ జిల్లా కోర్వాలో ఏకే-203 తయారవుతోంది, 2019లో సిగ్ 716 రైఫిళ్లు 72,400 కొన్నారు. తేలిక కావాలా, దెబ్బలో బలం కావాలా అనే లెక్క దేశాన్ని బట్టి, నేలను బట్టి మారుతూనే ఉంటుంది.

రైఫిల్ ఒక్కడి ఆయుధం. ఎల్ఎంజీ, అంటే లైట్ మెషిన్ గన్, సెక్షన్ అనే చిన్న జట్టు మొత్తానికి ఆసరా. అది ఆగకుండా కాలుస్తుంటే మిగతావాళ్లు ముందుకు కదులుతారు. బంకర్‌నీ, బండినీ కొట్టడానికి భుజం మీద పెట్టి పేల్చే 84 ఎంఎం రాకెట్ లాంచర్ ఉంది. గుట్ట అవతల నక్కినవాడికి రైఫిల్ తూటా తగలదు కాబట్టి, పైకి లేచి మీద పడే గుండుని విసిరే 81 ఎంఎం మోర్టార్ ఉంది. ఏ ఆయుధం ఎందుకు పుట్టిందో ఇలా తెలుసుకుంటే, అంకెలు వాటంతటవే గుర్తుంటాయి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నీ క్యాంపులో చేతికిచ్చేది బహుశా .22 రైఫిల్. సన్నగా, తేలిగ్గా ఉంటుంది, భుజానికి పెద్ద దెబ్బ తగలదు. 25 గజాల దూరంలో టార్గెట్ పెడతారు. అందుకే చాలామంది కేడెట్లు దాన్ని బొమ్మ తుపాకీలా చూస్తారు. ఆ చిన్న తూటా ఏ అడ్డూ లేకపోతే మైలు పైనే పోతుంది. టార్గెట్ వెనక ఎత్తుగా మట్టి కట్ట ఎందుకుందో దీన్నిబట్టి అర్థం చేసుకో. టార్గెట్‌ని చూస్తే సరిపోదు, దాని వెనకాల ఏముందో కూడా చూడాలి.

నా డిగ్రీ రోజుల్లో నేనూ ఎన్‌సీసీ కేడెట్‌నే. ఒక క్యాంపులో ఫైరింగ్ రోజు, నా పక్కన పడుకున్న కుర్రాడి రైఫిల్ పేలలేదు. ట్రిగ్గర్ నొక్కాడు, టిక్ అంది, అంతే. ‘సార్, ఇది పనిచేయట్లేదు’ అంటూ రైఫిల్‌తో సహా పక్కకి తిరిగాడు. ఆ రైఫిల్ గొట్టం మూతి నా వైపుకి వచ్చింది. వెనక నిలబడ్డ ఉస్తాద్, అంటే మాకు ఆయుధం నేర్పే ఆయన, ఒక్క అంగలో వచ్చి బ్యారెల్ పట్టుకుని మట్టి కట్ట వైపు తిప్పేశారు. కాల్పులు మొత్తం ఆపించారు. కాసేపాగి రైఫిల్ ఖాళీ చేస్తే లోపలి నుంచి పేలని తూటా ఒకటి బయటపడింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని మా అందరికీ ఒక్కొక్కరికీ చూపించారు. ఆయన ఎవరినీ తిట్టలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ కుర్రాడు చెడ్డవాడు కాదు, మొద్దూ కాదు. రైఫిళ్ల గురించి మాలో అందరికంటే ఎక్కువ తెలిసినవాడు వాడే. వాడి తలలో ఉన్నది చేతికి అలవాటు కాలేదు, అదొక్కటే లోపం. టిక్ అని పేలకపోతే మూతి టార్గెట్ వైపే ఉంచి, ట్రిగ్గర్ మీంచి వేలు తీసేసి, చెయ్యెత్తి, కదలకుండా ఉండాలి. కొన్నిసార్లు తూటా కొన్ని క్షణాలు ఆలస్యంగా పేలుతుంది. మిగతాది ఉస్తాద్ చూసుకుంటారు.

అలవాటు కావాల్సినవి నిజానికి కొన్నే. ప్రతి తుపాకీలోనూ తూటా ఉందనే అనుకో. ఇప్పుడే ఖాళీ చేశానని పక్కవాడు చెప్పినా, నీ చేతికి రాగానే నువ్వు మళ్లీ చూడాల్సిందే. కాల్చకూడని దేని వైపూ మూతి పెట్టకు. నీ కాళ్లూ అందులోకే వస్తాయి. గురి పూర్తయి ఆర్డర్ వచ్చే దాకా వేలు ట్రిగ్గర్ బయటే, గార్డ్ పక్కన చాచి ఉండాలి. తుపాకీ పేలకుండా ఆపే సేఫ్టీ క్యాచ్ పెట్టాను కదా అని ధీమా పడకు. అదీ ఒక ఇనుప ముక్కే, అరిగిపోతుంది, విరిగిపోతుంది.

క్యాంపులో ఎన్ఎస్‌పీ అనే మాట చాలాసార్లు వింటావు. నార్మల్ సేఫ్టీ ప్రికాషన్స్ అన్నమాట. క్లాసు మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి చేయిస్తారు. పిల్లలకి విసుగొచ్చేది ఇక్కడే. అందులో వరస ఎందుకలా ఉందో తెలిస్తే విసుగు రాదు. ముందు మ్యాగజైన్ తీయాలి, ఆ తర్వాతే కాక్ చేసి, అంటే బోల్ట్ వెనక్కి లాగి, చాంబర్ చూడాలి. తిరగేసి చేశావనుకో: కాక్ చేయగానే చాంబర్‌లో ఉన్న తూటా బయటపడుతుంది, దాన్ని చూసి ఖాళీ అయిందనుకుంటావు. కానీ మ్యాగజైన్ ఇంకా కిందే ఉంది కాబట్టి, బోల్ట్ ముందుకు వెళ్తూ ఇంకో తూటాని లోపలికి తోసేస్తుంది. ఆ తర్వాత ‘ఖాళీదే కదా’ అని ట్రిగ్గర్ నొక్కితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ‘లోపల తూటా లేదనుకున్నాను’ అనే మాట వెనక చాలాసార్లు ఉండేది ఈ చిన్న తారుమారే.

రేంజ్ మీద ఎర్ర జెండా ఎగురుతుంటే కాల్పులు జరుగుతున్నాయని అర్థం. ఫైరింగ్ పాయింట్ దాటి ఒక్కడుగు కూడా ముందుకెళ్లకూడదు, నీ టార్గెట్‌లో ఎన్ని తగిలాయో చూడాలని ఎంత ఆత్రంగా ఉన్నా సరే. ఆర్డర్లన్నీ హిందీలో ఉంటాయి: ‘భర్’ అంటే లోడ్ చెయ్యి, ‘ఖాలీ కర్’ అంటే అన్‌లోడ్ చెయ్యి. వీటిని ఇప్పుడే బట్టీ పట్టు. అర్థం కాకపోతే పక్కవాణ్ని చూసి చేయకు, ఆగి అడుగు. అయిపోయాక ఒక్కొక్కరి చేతా ‘నా దగ్గర తూటా గానీ ఖాళీ ఖోకా గానీ లేదు’ అని చెప్పిస్తారు. ఖోకా అంటే పేలిన తూటా తొడుగు. గుర్తుగా ఒక ఖోకా జేబులో వేసుకుందామని ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరికి అనిపిస్తుంది. వద్దు. సైన్యంలో ప్రతి తూటాకీ, ప్రతి ఖోకాకీ లెక్క రాస్తారు. రైఫిళ్లు దాచే గదిని ‘కోత్’ అంటారు. అక్కడ రిజిస్టర్‌లో నీ రైఫిల్ నంబరు, నీ సంతకం ఉంటాయి. సాయంత్రం పుల్‌త్రూ (గొట్టంలోంచి లాగే తాడు), చిందీ (గుడ్డ ముక్క) పట్టుకుని బ్యారెల్ తుడవమంటారు. చాలామంది దాన్ని తప్పించుకోవాలని చూస్తారు. నువ్వు మాత్రం ముందుండు. తుపాకీ లోపల ఏముందో వీడియో కంటే ఆ అరగంటలో ఎక్కువ తెలుస్తుంది.

ఒక గట్టి హెచ్చరిక. రైఫిల్ పట్టుకుని రీల్స్ చేయకు. ఊళ్లో ఎవరి దగ్గరైనా నాటు తుపాకీ ఉంటే దాని జోలికి వెళ్లకు. పెళ్లి ఊరేగింపుల్లో గాలిలోకి కాల్చినా, 2019లో మారిన చట్టం ప్రకారం రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా పడొచ్చు. పోలీస్ వెరిఫికేషన్ దగ్గర ఒక్క కేసు బయటపడితే, రెండేళ్లు నువ్వు పరిగెత్తిన పరుగంతా అక్కడే ఆగిపోతుంది.

ఆర్మీ ర్యాలీలో ఎత్తు, చూపు లాంటి కారణాలతో వెనక్కి పంపేసినా ఈ ఇష్టానికి వేరే దారులున్నాయి. గురి మీద ఆసక్తైతే ఎయిర్ రైఫిల్ షూటింగ్. మన హైదరాబాద్ కుర్రాడు గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే. అదే ఒలింపిక్స్‌లో పిస్టల్‌తో రజతం తెచ్చిన విజయ్ కుమార్ అప్పట్లో మన సైన్యంలో సుబేదార్. యంత్రం మీద ఆసక్తైతే డిప్లొమా, మెకానికల్ ఇంజనీరింగ్ చదివి ఆయుధ కర్మాగారాల వైపు వెళ్లొచ్చు. నా సలహా అడిగితే, ఇంటర్‌లో ఎన్‌సీసీ బి సర్టిఫికెట్ తీసుకో, డిగ్రీలో సి పూర్తి చెయ్యి. అగ్నివీర్‌కి ఎన్‌సీసీ సర్టిఫికెట్లకి బోనస్ మార్కులున్నాయి. సి లో కనీసం బి గ్రేడ్, డిగ్రీలో 50 శాతం ఉంటే, రాత పరీక్ష లేకుండా నేరుగా ఎస్ఎస్‌బీకి, అంటే ఆఫీసర్ల ఎంపిక ఇంటర్వ్యూకి, వెళ్లే ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీ ఉంది. అది ఆఫీసర్ దారి. పల్లె పిల్లలు దాని గురించి వినకుండానే డిగ్రీ ముగించేస్తున్నారు, అదే నాకు బాధ.

అమ్మా, మళ్లీ మీతో ఒక మాట. క్యాంపు సంచిలో చెవుల్లో పెట్టుకోవడానికి కాస్త దూది, మోచేతులు కొట్టుకుపోకుండా ఒక ఫుల్ హ్యాండ్స్ చొక్కా పెట్టండి. ఆస్తమా, మూర్ఛ లాంటివి ఏవైనా ఉంటే ముందే ఎన్‌సీసీ సార్‌కి చెప్పండి, దాచకండి. వాడు ఇంటికొచ్చాక టార్గెట్‌కి ఎన్ని తగిలాయని అందరూ అడుగుతారు. మీరు మాత్రం ముందు మ్యాగజైన్ తీశావా, ముందు కాక్ చేశావా అని అడగండి.