టెక్ సందేహాలు: కీబోర్డు ఫోను వస్తోంది, తెలుగు అందులో ఇముడుతుందా?

ప్రశ్న: నేను పన్నుల సలహాదారును. రోజంతా మెయిళ్లకు, వాట్సాప్ సందేశాలకు జవాబులు రాయడమే పని. పదిహేనేళ్ల కిందట బ్లాక్‌బెర్రీ మీద ఉన్న వేగం తెర మీద టైప్ చేసేటప్పుడు మళ్లీ రాలేదు. క్లిక్స్ కమ్యూనికేటర్ అనే కీబోర్డు ఫోను రాబోతోందట. ఇప్పుడే డబ్బు కట్టి బుక్ చేసుకోమంటారా?
విజయవాడ నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఫోను నాకు నచ్చింది. బుకింగ్ మాత్రం ఇప్పుడే వద్దు.

దీన్ని 2026 జనవరి మొదట్లో ప్రకటించారు. 2024లో ఐఫోనుకు తొడిగే కీబోర్డు కేసుతో మొదలైన క్లిక్స్ సంస్థ తయారు చేస్తున్న మొదటి ఫోను ఇది. ధర 499 డాలర్లు, అంటే మన లెక్కలో 45 వేల రూపాయలకు దగ్గర. తెర 4.03 అంగుళాలు, ఆండ్రాయిడ్ 16, 256 గిగాబైట్ల స్టోరేజీ, 4,000 ఎంఏహెచ్ బ్యాటరీ. ఈ మధ్య ఖరీదైన ఫోన్లలో కనిపించకుండా పోయిన మెమరీ కార్డు స్లాటు, 3.5 మిల్లీమీటర్ల ఇయర్‌ఫోను రంధ్రం ఇందులో ఉన్నాయి. ఐదేళ్ల పాటు భద్రతా అప్‌డేట్లు ఇస్తామంటున్నారు.

అయితే మీలాంటి వారికి పనికొచ్చేది ఈ జాబితా కాదు, ఆ కీలు. వాటి మీద వేలు ఆనించి జరిపితే తెర మీద పేజీ కదులుతుంది. వేలిముద్ర గుర్తించే సెన్సర్ స్పేస్ బార్‌లోనే ఉంది. పక్కన ఉన్న బటన్ చుట్టూ చిన్న దీపం ఉంటుంది. ఫలానా వ్యక్తి నుంచో ఫలానా యాప్ నుంచో సందేశం వస్తే ఫలానా రంగు వెలిగేలా దాన్ని అమర్చుకోవచ్చు. రిటర్నుల గడువు దగ్గరపడిన రోజుల్లో, ఫోను బల్ల మీద ఉండగానే వచ్చింది క్లయింటు సందేశమో, ఏదో దుకాణం ప్రకటనో తెలిసిపోతే మీకు ఎంత సమయం మిగులుతుందో ఆలోచించండి. నా దృష్టిలో కెమెరా మెగాపిక్సెళ్ల కంటే ఇదే విలువైన సౌకర్యం.

ఇక పోగొట్టుకునేదేమిటో చూద్దాం. తెర దాదాపు చదరంగా, 1080 × 1200 పిక్సెళ్లతో ఉంటుంది. నిలువుగా తీసిన వీడియో పెడితే ఎత్తు మొత్తం నిండినా వెడల్పులో 675 పిక్సెళ్లే వాడుకుంటుంది. రెండు పక్కలా నల్లటి పట్టీలు మిగులుతాయి. అడ్డంగా తీసిన వీడియో ఆరున్నర సెంటీమీటర్ల పైచిలుకు వెడల్పు, నాలుగు సెంటీమీటర్ల లోపు ఎత్తులో కనిపిస్తుంది. క్రికెట్ మ్యాచ్‌లో బంతిని వెతుక్కోవాలి. వెడల్పైన ఎక్సెల్ పట్టిక చూడటమూ కష్టమే. సంస్థ కూడా దీన్ని పెద్ద ఫోనుకు తోడుగా వాడుకునే రెండో ఫోనుగానూ చూపిస్తోంది. 45 వేలు పెట్టి రెండో ఫోను కొనాలా అన్నది మీ నిర్ణయం.

బుకింగ్ వద్దనడానికి మొదటి కారణం కీబోర్డు ఫోన్ల చరిత్ర. కొత్త 5జీ బ్లాక్‌బెర్రీ తెస్తామని ఆన్‌వర్డ్ మొబిలిటీ సంస్థ 2020 ఆగస్టులో ప్రకటించింది. ఫోను రాకుండానే 2022 ఫిబ్రవరిలో సంస్థ మూతపడింది. ఎఫ్ఎక్స్‌టెక్ ప్రో1-ఎక్స్ అనే మరో కీబోర్డు ఫోను కోసం 2020లో డబ్బు కట్టినవారికి తర్వాతి ఏడాది మార్చికి ఇస్తామని చెప్పారు. చివరికి మొదట చెప్పిన స్నాప్‌డ్రాగన్ 835 చిప్ కాకుండా 662తో, 2022లో గాని ఫోన్లు చేతికి రాలేదు. క్లిక్స్ కూడా అలాగే చేస్తుందని నేను అనడం లేదు. వాళ్లు కీబోర్డు కేసులను చెప్పిన ప్రకారం తయారు చేసి అమ్మారు. కానీ కేసు వేరు, ఫోను వేరు.

రెండో కారణం నెట్‌వర్కు. విదేశం నుంచి తెప్పించుకునే ఏ ఫోనుకైనా ఇది వర్తిస్తుంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. జియోకు 2జీ, 3జీ లేవు. మాట్లాడే కాల్ కూడా వీవోఎల్‌టీఈ, అంటే 4జీ నెట్‌వర్కు మీదే మాటను పంపే పద్ధతి, ద్వారానే వెళ్లాలి. మన దేశంలో అధికారికంగా అమ్మని ఫోనులో ఆ అమరిక పనిచేయకపోతే ఇంటర్నెట్టు వస్తుంది, మెయిళ్లు వస్తాయి, కాల్ మాత్రం వెళ్లదు. ఎయిర్‌టెల్ సిమ్ అయితే కాల్ 2జీ మీదకు దిగే అవకాశం ఉంది. కాబట్టి ఫోను విడుదలయ్యాక మన దేశంలో ఎవరైనా తెప్పించుకుని మీ సిమ్‌తో కాల్ చేసి చూపేదాకా ఆగండి. 4జీకి 3, 5, 8, 40 బ్యాండ్లు, 5జీకి ఎన్28, ఎన్78 ఉన్నాయో లేదో వివరాల పట్టికలో చూసుకోండి. కస్టమ్స్ సుంకం ధరకు అదనం. చెడిపోతే మరమ్మతుకు మళ్లీ విదేశానికే పంపాలి.

అంతవరకు ఆగలేకపోతే యూనిహెర్ట్జ్ టైటన్ 2 ఇప్పటికే మార్కెట్లో ఉంది. 4.5 అంగుళాల చదరపు తెర, 5,050 ఎంఏహెచ్ బ్యాటరీ, 12 గిగాబైట్ల ర్యామ్, వెనక మరో చిన్న తెర. కానీ వెడల్పు ఎక్కువ, బరువూ ఎక్కువ. చొక్కా జేబులో పెడితే జేబు వేలాడుతుంది. నెట్‌వర్కు గురించి చెప్పిన జాగ్రత్తలన్నీ దానికీ వర్తిస్తాయి.

ప్రశ్న: ఇలాంటి ఫోన్ల మీద తెలుగు టైప్ చేయడం కుదురుతుందా? నేను కథలు రాస్తాను. తెర మీద వేళ్లు జారి తప్పులు పడుతున్నాయి.
వరంగల్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ఈ ఫోన్ల సమీక్షల్లో నేను ఎప్పుడూ వెతికేది, ఎప్పుడూ దొరకనిది ఈ ప్రశ్నకు సమాధానమే. అందుకే కూర్చుని లెక్క వేశాను.

భారత ప్రభుత్వం ప్రామాణికంగా నిర్ణయించిన తెలుగు కీబోర్డు అమరిక ఇన్‌స్క్రిప్ట్. అది కంప్యూటర్ కీబోర్డు కోసం చేసింది. 'త' ఎల్ కీ మీద, 'ల' ఎన్ మీద, 'గ' ఐ మీద, కొమ్ము జీ మీద, ఎత్వం జెడ్ మీద ఉంటాయి. కాబట్టి 'తెలుగు' అనే మాట 26 అక్షరాల కీలతోనే హాయిగా పూర్తవుతుంది. ఇప్పుడు 'చెట్టు' రాసి చూడండి. 'చ' ఉన్నది సెమీకోలన్ కీ మీద. 'ట' దాని పక్కన, కొటేషన్ గుర్తు కీ మీద. 'య' కింది వరుస చివర, ఏటవాలు గీత కీ మీద. 'డ' పై వరుసలో పి అక్షరం తర్వాత, చదరపు బ్రాకెట్ మీద. బొటనవేళ్లతో వాడే ఫోను కీబోర్డులో ఈ నాలుగు కీలకూ విడిగా చోటు ఉండదు. చ, ట, డ, య, వాటితో పాటు షిఫ్టులో ఉండే ఛ, ఠ, ఢ లేకుండా తెలుగు కథ రాయగలమా? 'అమ్మాయి' అన్న మాట కూడా రాయలేం. గుర్తుల కోసం వేరే కీ నొక్కి పట్టుకుని ఆ అక్షరాలను రప్పించే ఏర్పాటు ఎవరైనా చేయవచ్చు. కానీ ప్రతి రెండో మాటకు ఆగాల్సి వస్తే కీబోర్డు ఇచ్చే వేగం ఎక్కడిది?

మిగిలిన దారి, 'chettu' అని రోమన్ అక్షరాల్లో కొడితే 'చెట్టు' అని మార్చే పద్ధతి. మనలో చాలామంది తెర మీద చేసేది ఇదే. చిక్కు ఏమిటంటే, తెర మీద నొక్కిన అక్షరాలను అలా మార్చే యాప్ అసలైన కీల నుంచి వచ్చే అక్షరాలను కూడా మారుస్తుందన్న నమ్మకం లేదు. కొన్ని యాప్‌లలో కీ నొక్కితే ఇంగ్లిష్ అక్షరం నేరుగా వెళ్లి పడుతుంది.

దీన్ని తేల్చుకోవడానికి కొత్త ఫోను అక్కర్లేదు. ఇంట్లో కంప్యూటర్‌కు వాడే మామూలు యూఎస్‌బీ కీబోర్డును చిన్న ఓటీజీ కనెక్టర్‌తో ఇప్పుడున్న ఆండ్రాయిడ్ ఫోనుకు తగిలించండి. బ్లూటూత్ కీబోర్డు ఉన్నా సరే. సెట్టింగ్స్‌లో భౌతిక కీబోర్డు అన్న చోటికి వెళ్లి, తెర మీది కీబోర్డు కూడా కనిపించేలా మీట ఆన్ చేయండి. మీరు రోజూ వాడే తెలుగు యాప్‌ను ఎంచుకుని 'amma' అని కొట్టండి. 'అమ్మ' వస్తే మీ యాప్ కీబోర్డు ఫోనులోనూ పనిచేసే ఆశ ఉంది. 'amma' గానే మిగిలిపోతే, రచయితగా మీరు 45 వేలు పెట్టాల్సిన ఫోను ఇది కాదు. ఒక పేజీ కథ కొట్టి చూస్తే గాని అసలు సంగతి తెలియదు, ఒక్క మాటతో ఆపవద్దు. ఒత్తులు, సున్నలు, సంధి మాటలు ఉన్న పేరా ఎంచుకోండి.

ఈ లోటు నాకు బాధ కలిగిస్తుంది. ఎనిమిది కోట్ల మందికి పైగా మాట్లాడే భాష ఇది. కొత్త ఫోను వచ్చిన ప్రతిసారీ మనమే కనెక్టర్ పట్టుకుని పరీక్ష చేసుకోవాల్సి వస్తోంది. ఈ సంస్థలకు రాయండి. తెలుగు గురించి అడిగే ఉత్తరాలు పది వచ్చినా, ఒక్కటీ రాకపోవడం కంటే మేలు.

ప్రశ్న: నాన్నగారి పాత బ్లాక్‌బెర్రీ బోల్డ్ ఇంట్లో ఉంది. ఛార్జింగ్ కూడా ఎక్కుతోంది. సిమ్ వేసి వాడవచ్చా?
కర్నూలు నుంచి ఒక విద్యార్థి

జవాబు: వాడలేరు. ఆ సాఫ్ట్‌వేర్‌కు బ్లాక్‌బెర్రీ 2022 జనవరి 4న సేవలు ఆపేసింది. అప్పటి నుంచి కాల్‌కూ, సందేశానికీ హామీ లేదు. వాట్సాప్ అంతకుముందే, 2017 చివరితో ఆగిపోయింది. అయినా దాన్ని పారేయకండి. నోట్స్ తెరిచి పది నిమిషాలు టైప్ చేయండి. ఆ కీల ఏటవాలు అంచులు వేలికి తగులుతూ, చూడకుండానే అక్షరం దొరుకుతుంటే కీబోర్డు ఫోను మీకు సరిపోతుంది. వేలు నొప్పి పెడితే, కొత్తది కొన్నా అదే నొప్పి.

ప్రశ్న: ఫోను మార్చకుండా కీబోర్డు మాత్రం తగిలించుకునే దారి ఉందా?
హైదరాబాద్ నుంచి ఒక ఉద్యోగి

జవాబు: ఉంది. క్లిక్స్ వాళ్లే పవర్ కీబోర్డు అని ముందస్తు బుకింగ్ ధరగా 79 డాలర్లకు ఒకటి ప్రకటించారు. అయస్కాంతంతో ఫోను వెనక అతుక్కుని, కిందికి జారి బ్లూటూత్ ద్వారా కలుస్తుంది. మీ సిమ్, మీ బ్యాంకు యాప్‌లు, మీ పెద్ద తెర అలాగే ఉంటాయి. వెనక అయస్కాంతం లేని ఫోను అయితే దానికి తగిన కేసు విడిగా కొనాలి. పై జవాబులో చెప్పిన 'అమ్మ' పరీక్ష చేసుకున్నాకే ఆర్డరు పెట్టండి.