అమ్మతో ఆ ప్రశ్నపత్రం ఎందుకు నింపిస్తున్నారు?

ప్రశ్న: అండాశయ క్యాన్సర్‌కు మా అమ్మ కర్నూలులో ఒక క్లినికల్ ట్రయల్‌లో (చికిత్సను రోగులపై పరీక్షించే అధ్యయనంలో) చేరింది. కీమోకు ముందు నిద్ర, ఆకలి, దిగులు గురించి ప్రశ్నపత్రం నింపమంటున్నారు. స్కాన్లు ఉండగా ఇది దేనికి?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: గడ్డ ఎంత తగ్గిందో స్కాన్ చెబుతుంది గానీ, అన్నం సహిస్తోందా, వేళ్ల తిమ్మిరితో రవిక హుక్కులు పెట్టుకోగలుగుతున్నారా అన్నది మీ అమ్మగారే చెప్పాలి. ఈ వ్యాధికి తరచూ వాడే పాక్లిటాక్సెల్ అనే కీమో మందు అలాంటి తిమ్మిరి తెస్తుంది. అందుకే యూరప్ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఇ.ఒ.ఆర్.టి.సి. తయారుచేసిన 30 ప్రశ్నల సాధారణ పత్రానికి, అండాశయ క్యాన్సర్‌కే ప్రత్యేకించిన 28 ప్రశ్నలను ఎన్నో ట్రయల్స్‌లో జోడిస్తారు. ఎక్కువగా గడిచిన వారం అనుభవాన్నే అడిగి, జవాబులను 0 నుంచి 100 వరకు స్కోరుగా మారుస్తారు. సుమారు 10 పాయింట్ల తేడాను రోగికి తెలిసే మార్పుగా చాలామంది పరిశోధకులు పరిగణిస్తారు.

నా దృష్టిలో అసలు చిక్కు వేరే ఉంది. బాగా నీరసించినవారే పత్రాలు వదిలేస్తే, మిగిలినవారి జవాబులను బట్టి ఆ మందు నిజంగా ఉన్నదానికంటే తేలిగ్గా తట్టుకోగలిగేదిగా కనిపిస్తుంది. కాబట్టి ఒంట్లో బాగాలేనప్పుడు కూడా దయచేసి నింపించండి. మీరు చదివి వినిపించవచ్చు, జవాబు మాత్రం ఆమెదే కావాలి. అయితే జ్వరం, తీవ్రమైన కడుపునొప్పి వంటివి పత్రంలో రాసి ఊరుకోకండి, వెంటనే డాక్టరుకు చెప్పండి. ఆ పత్రాన్ని అదే రోజు ఎవరైనా చదువుతారన్న భరోసా లేదు.