అటక మీద పునుగుపిల్లి, పెరట్లో ఎలుగు: మీ ఉత్తరాలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే బాధ, ఇంట్లోకి దూరుతున్న అడవి జంతువులు. అన్నీ సరిహద్దు ఊళ్ల నుంచే, ఇటు ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం వైపు నుంచి కొన్ని, అటు మహారాష్ట్రలో సిరొంచ, కిన్వట్ నుంచి కొన్ని. అందుకే ఈ నెల పేజీ మొత్తం దీనికే ఇచ్చేశాం.

ప్రశ్న: నమస్కారమండీ. మాది పర్లాకిమిడి దగ్గర పల్లెటూరు, పాత పెంకుటిల్లు. రాత్రి పదకొండు దాటితే చాలు అటక మీద ఏదో పరుగులు పెడుతోంది. ఎలుక కాదు, అంతకంటే బరువైనది. పొద్దున చూస్తే పిట్టగోడ మీద గింజలతో నిండిన పెంట. మా మరిది మందు పెట్టేద్దాం అంటున్నాడు, మా అత్తగారేమో అది జంతువే కాదంటున్నారు. పిల్లలకి నిద్ర లేదు, నాకు టెన్షన్. ఏం చెయ్యమంటారు?

జవాబు: జంతువేనమ్మా, మీరు రాసిన గింజలే దాన్ని పట్టిచ్చేశాయి. పండు తిని గింజ అరక్కుండా వదిలేసేది, అదీ రోజూ ఒకే చోట వదిలేసేది మన పల్లె ఇళ్లలో చాలావరకు పునుగుపిల్లే. పగలంతా చీకటి మూల చూసుకుని పడుకుంటుంది. రాత్రయ్యాక బయటికొచ్చి జామ, బొప్పాయి, ఈతపళ్లు, తాటిచెట్టుకు కట్టిన కుండలో కల్లు, దొరికితే ఎలుకలు, కోడిపిల్లలు తింటుంది. మనుషుల జోలికి రాదు. మీ అటక చీకటిగా, పొడిగా ఉంది, పెరట్లో పళ్లున్నాయి, ఇంట్లో ఎలుకలున్నాయి, అందుకు వచ్చింది.

మందు మాత్రం వద్దు. మీ మరిదిగారికి ఈ ఒక్క విషయం గట్టిగానే చెప్పండి. మందు తిన్న జంతువు చెయ్యి పట్టని చోట, దూలం వెనకో పెంకుల సందులోనో చస్తుంది, ఆ కంపుతో ఆ ఇంట్లో ఉండలేరు. పైగా ఆ మందు ఎవరు తింటారో మన చేతుల్లో ఉండదు, మీ కుక్క తినొచ్చు, కోళ్లు తినొచ్చు, పిల్లలు ముట్టుకోవచ్చు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పునుగుపిల్లిని చంపడం నేరం, అనుమతి లేకుండా బోను పెట్టి పట్టడం కూడా నేరమే. పట్టి ఎక్కడో వదిలేసినా ఆ అటక, ఆ పళ్లు, ఆ ఎలుకలు అలాగే ఉంటే ఇంకొకటి వస్తుంది.

ముందు పిల్లలున్నాయో లేదో తెలుసుకోండి. పగటిపూట అటక కింద కాసేపు మాట్లాడకుండా కూర్చుంటే సన్నటి కూతలు వినిపిస్తాయి. వినిపిస్తే, అవి తల్లి వెంట బయట తిరిగేదాకా ఓపిక పట్టండి, కష్టమే గానీ తప్పదు. తల్లి బయట, పిల్లలు లోపల ఉండగా కన్నం మూసేస్తే ఆ తల్లి పెంకులన్నీ పీకేస్తుంది, లేదా పిల్లలు లోపలే చచ్చిపోతాయి. పిల్లల్లేకపోతే పని తేలిక. అటక మీద కొన్ని రాత్రులు బల్బు వేసి ఉంచండి, పక్కన రేడియో పెట్టినా మంచిదే, వెలుతురూ చప్పుడూ దానికి పడవు. జారిన పెంకులు సర్ది, మిగతా సందులన్నీ మూసేసి, అది వాడే దారి ఒక్కటే వదిలి, అక్కడ పొయ్యి బూడిద పల్చగా చల్లండి. రాత్రి భోజనాలయ్యాక టార్చి వేసి చూస్తే అడుగులు బయటికి పడినట్టు కనిపిస్తాయి కదా, అప్పుడు ఆ కన్నానికి ఇనుప జాలీ కొట్టేయాలి. తెల్లారాక మూస్తే అది లోపలే ఉండిపోతుంది, ఎక్కువమంది పొరపాటు పడేది అక్కడే. చూరుకి ఆనుకున్న కొమ్మలు కొట్టించండి. పెంట ఎత్తేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకుని, బ్లీచింగ్ నీళ్లు పోసి తడిపాకే ఎత్తండి. ఎప్పుడైనా కరిచినా, గోరు గీరినా సబ్బుతో పారే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే రేబిస్ టీకాకి వెళ్లాలి. కోతి కరిచినా ముంగిస కరిచినా ఇదే.

ప్రశ్న: మాది గుణుపురం అవతల కొండ అంచు ఊరు. పెరట్లో పనసచెట్టుకి ఎలుగు అలవాటు పడింది. మొన్న వంటింటి తలుపు విరగ్గొట్టి బెల్లం తినేసింది, నూనె డబ్బా ఒంపేసింది. ఊళ్లో కుర్రాళ్లు కర్రలూ టపాసులూ పట్టుకుని కాపు కాస్తామంటున్నారు, ఒకాయన తడికె చుట్టూ కరెంటు తీగ లాగమంటున్నాడు. మంచిదేనా?

జవాబు: రెండూ వద్దు. కరెంటు తీగకి ముందు చచ్చేది ఎలుగు కాకపోవచ్చు, తెల్లారుజామున బయటికొచ్చిన మీ ఇంటి మనిషే కావచ్చు. అది నేరం కూడా.

ఇక కుర్రాళ్ల కాపలా. ఎలుగుకి చూపు సరిగా ఆనదు, ముక్కు మాత్రం చాలా చురుకు. దూరంగా ఉన్న మనిషిని అది పోల్చుకోలేదు, దగ్గరికొచ్చాక ఉలిక్కిపడి మీద పడుతుంది, పడితే మొహం మీదకీ తల మీదకీ వస్తుంది. చీకట్లో నలుగురు నాలుగు వైపులా నిలబడి అరిస్తే దానికి పారిపోయే దారి కనపడదు, ఎదురుగా ఉన్నవాణ్ణి కొట్టుకుంటూ పోతుంది. పల్లెల్లో ఎలుగు చేసే గాయాల్లో ఎన్నో ఇలా చుట్టుముట్టినప్పుడు అయ్యేవే. మీ కుర్రాళ్ల ధైర్యాన్ని తప్పుపట్టడం లేదు, ఆ ధైర్యం దాని దారికి అడ్డం నిలబడడంలో కాకుండా జనాన్ని దూరంగా ఉంచడంలో చూపిస్తే ప్రాణాలు నిలబడతాయి.

అది వచ్చేది వాసనకి. పనసకాయల్ని పండనివ్వకండి, లేతగా ఉండగానే కోసి పనసపొట్టుకి అమ్మేయండి, రాలిన పండు సాయంత్రానికి పెరట్లో ఒక్కటి కూడా ఉండకూడదు. జీడిపళ్లు కుప్ప పోసినా, ఇప్పపువ్వు ఆరబెట్టినా అంతే, చీకటి పడేలోగా ఎత్తి లోపల పెట్టాలి. బెల్లం, నూనె, తేనె వంటింట్లో ఉంచకుండా లోపలి గదిలో ఇనుప పెట్టెలో పెట్టండి. దీపారాధన నూనె కూడా దానికి ఇష్టమే, పెరట్లో తులసికోట దగ్గర ప్రమిద రాత్రంతా వదిలేయకండి. ఇంటిని ఆనుకుని చెదపుట్ట ఉంటే తవ్వించేయండి, చెదలు దాని అసలు తిండి.

తెల్లవారుజామున, సందె వేళ బయటికి ఒంటరిగా వెళ్లొద్దు. టార్చి వేసుకుని, గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్లండి, మనిషి వస్తున్నాడని ముందే తెలిస్తే అదే తప్పుకుంటుంది. రాత్రి కుక్కని కట్టేసి ఉంచండి, అది ఎలుగు మీదకి వెళ్లి, భయపడి మళ్లీ మీ దగ్గరికే పరిగెత్తుకొస్తుంది, వెనకాలే ఎలుగూ వస్తుంది. ఎదురుపడితే పరిగెత్తకండి, దాన్ని చూస్తూనే మెల్లగా వెనక్కి జరగండి. వీపు మీద పిల్లలు కనిపిస్తే ఇంకా దూరం వెళ్లాలి. మీద పడిపోతే బోర్లా పడుకుని మెడనీ తలనీ చేతులతో కప్పుకోవాలి. ఇంట్లోకే వచ్చేస్తే మీరు వేరే తలుపు నుంచి బయటపడండి, అది వచ్చిన తలుపు మూయకండి, ఆ తలుపు ఎదురుగా ఒక్క మనిషినీ నిలబడనివ్వకండి. కడుపు నిండగానే వెళ్లిపోతుంది. అదే పనిగా వస్తుంటే ఊరి తరఫున ఫారెస్టు రేంజ్ ఆఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, దానికి రసీదు తీసుకోండి.

ప్రశ్న: అన్నా, మాది సిరొంచ తాలూకా. వానాకాలం వస్తే ఇంట్లో పాములే. పుట్టలో పాలు పోస్తే రావని మా అవ్వ అంటుంది. మా బాపు వెల్లుల్లి దంచి, ఫినాయిల్ కలిపి చల్లుతున్నాడు. పోయిన వారం నా చాప పక్కనే నల్లగా, తెల్ల చారలతో ఒకటి కనిపించింది. మేమందరం కిందే పడుకుంటాం.

జవాబు: తమ్ముడూ, ఈ రాత్రి నుంచే మంచాల మీద పడుకోండి. దోమతెర కట్టి, అంచులు పరుపు కిందకి దోపండి, మంచం గోడకి తగలకుండా జరపండి. మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

నల్లటి ఒంటి మీద సన్నటి తెల్ల చారలంటే కట్లపామే అనుకోవాలి. అలాంటి చారలతోనే విషం లేని పాము కూడా ఉంది, కానీ టార్చి వెలుగులో రెంటికీ తేడా కనిపెట్టే పని మీకొద్దు. కట్లపాము రాత్రి తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్లని నిద్రలోనే కరుస్తుంది. కాటు గుర్తు కనపడకపోవచ్చు, నొప్పీ వాపూ కూడా అంతగా ఉండవు, అందుకే అది అంత ప్రమాదం. వేకువన కడుపునొప్పితో లేస్తారు, వాంతి వస్తుంది, తర్వాత కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, మింగుడు పడదు, చివరికి ఊపిరి ఆడదు. ఇంట్లోవాళ్లు అజీర్ణం అనుకుని వాము నీళ్లు ఇస్తూ కూర్చుంటారు. వానాకాలంలో నేల మీద పడుకున్న మనిషి అలా లేస్తే, పాముని ఎవరూ చూడకపోయినా సరే, నేరుగా ఆసుపత్రికే తీసుకెళ్లాలి.

వెల్లుల్లి, ఫినాయిల్ చల్లితే పాములు ఆగవు. పాలు వాటి తిండి కాదు. అవ్వ నాగపంచమికో నాగులచవితికో పుట్ట దగ్గరికి వెళ్లి దణ్ణం పెట్టుకుంటే అది ఆమె భక్తి, కాదనకండి, కానీ ఇంటికి కాపలా దానివల్ల రాదు. పాము మీ ఇంటికి వచ్చేది ఎలుకల కోసం, బల్లుల కోసం, కప్పల కోసం. వడ్లూ జొన్నలూ గోనెసంచుల్లో కాకుండా రేకు డ్రమ్ముల్లోకి మార్చండి, కట్టెలూ పిడకలూ గోడకి దూరంగా పెట్టండి, కోళ్ల గూడు పడుకునే గదిలో వద్దు. గోడ పగుళ్లు, పందికొక్కు బొక్కలు పూడ్చండి, తూముకి జాలీ, తలుపు కింద సందుకి రబ్బరు పట్టీ వేయించండి. ఇది చేస్తే రెండేళ్లకో మూడేళ్లకో కాదు, ఈ వానాకాలమే తేడా కనిపిస్తుంది.

గదిలో కనిపిస్తే దూరం నుంచే దాని మీద కన్నేసి ఉంచి, పిల్లల్ని బయటికి పంపి, ఫారెస్టు వాళ్లకి ఫోన్ చేయండి, మహారాష్ట్రలో నంబరు 1926. కిరోసిన్ పోయొద్దు, కర్రతో పొడవొద్దు. చచ్చిన పామునీ చేత్తో ముట్టొద్దు, తల తెగాక కూడా కరవగలదు.

కరిస్తే ఉంగరాలు, గాజులు తీసేసి, ఆ చెయ్యో కాలో కదలకుండా బద్ద కట్టి, 108కి ఫోన్ చేయాలి. బండి ఆలస్యమైతే మోటార్ సైకిల్ మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టైనా తీసుకెళ్లండి, నడిపించొద్దు. బిగించి తాడు కట్టడం, కొయ్యడం, నోటితో పీల్చడం ఏదీ వద్దు. మంత్రం వేసే ఆయన మంచివాడే కావచ్చు, కానీ ఆయన దగ్గర గడిపిన గంట ఆసుపత్రిలో తిరిగి రాదు. పాముని చంపి పట్టుకెళ్లాల్సిన పని కూడా లేదు, మన దేశంలో ఇచ్చే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఒకటే, ప్రభుత్వ ఆసుపత్రిలో డబ్బు తీసుకోరు.

ఒడిశా వైపు పాఠకులకి ఒక మాట. అక్కడ పాముకాటుని 2015 నుంచి రాష్ట్ర విపత్తుగా లెక్కగట్టి, మనిషి చనిపోతే కుటుంబానికి 4 లక్షలు ఇస్తున్నారు. పోస్టుమార్టం లేకుండా దహనం చేసేస్తే ఆ సాయం అందడం కష్టం. దుఃఖంలో ఉన్నవాళ్లకి ఇది గుర్తుండదు, పక్కింటివాళ్లే గుర్తు చేయాలి.

ప్రశ్న: గజపతి జిల్లా మోహన వైపు మా చుట్టాల ఊళ్లో ఏనుగులు మట్టి గోడలు పడగొట్టి ధాన్యం తినేశాయట. మా ఊరికీ వస్తాయేమోనని భయంగా ఉంది.

జవాబు: ఏనుగులు తిరిగే లఖారి లోయ అభయారణ్యం గజపతి జిల్లా వైపే ఉంది, కాబట్టి భయం ఉట్టిది కాదు. ఏనుగు ఇల్లు పడగొట్టేది లోపలి ధాన్యం, ఉప్పు, ఇప్పసారా వాసనకి. ఇప్పసారా ఉన్న ఇంట్లో పిల్లల్ని పడుకోబెట్టకండి. ధాన్యం గాదె, మనుషులు నిద్రపోయే గది ఒకే గోడకి అటూ ఇటూ ఉండకూడదు, వీలైతే ఊరంతా కలిసి ఒక పక్కా కట్టడంలో ధాన్యం దాచుకోండి. మంద దగ్గర్లో ఉందని తెలిసిన రాత్రి దాబా ఇళ్లకి చేరిపోండి. గోడ దగ్గర చప్పుడైతే అవతలి తలుపు నుంచి బయటపడి దూరంగా వెళ్లండి, సామాను కోసం వెనక్కి రావద్దు. వాటితో సెల్ఫీలు వద్దు, వెంటపడి తరమొద్దు.

ప్రశ్న: కిన్వట్ దగ్గర మాది. తెల్లవారుజామున చిరుతపులి మేకల కొట్టంలోకి వచ్చింది, ఒక మేకని చంపేసింది. ఈసారి ఇంట్లోకే వస్తే?

జవాబు: చిరుత గదిలోకి వస్తే మీరు బయటపడి, ఆ గది తలుపు బయట గడియ పెట్టేయండి. ఎలుగు విషయంలో తలుపు తెరిచి ఉంచమన్నాను, ఇక్కడ మూయమంటున్నాను, తేడా ఎందుకంటే పొద్దెక్కి జనం పోగయ్యాక చిరుత బయటికి దూకితే దొరికినవాళ్లనల్లా చీరేస్తుంది. మూసిన గదిలో చీకటిగా ఉంటే అది ఒక మూల ఒదిగి కూర్చుంటుంది. కిటికీలకి దుప్పట్లు కప్పి, 1926కి ఫోన్ చేసి, మత్తు ఇచ్చే డాక్టరు వచ్చేదాకా ఎవరినీ తొంగి చూడనివ్వొద్దు. పోలీసుల్నీ సర్పంచ్‌నీ పిలవండి, వాళ్ల పని చిరుతని పట్టడం కాదు, జనాన్ని ఆపడం.

కొట్టానికి గోడలు ఎంత గట్టివైనా పైకప్పు తెరిచి ఉంటే లాభం లేదు, చిరుత పైనుంచి దిగుతుంది, కప్పుకీ జాలీ వేయించండి. వీధి కుక్కలు ఎక్కువగా ఉండే చోటుకి అది ఎక్కువగా వస్తుంది, ఇంటి పక్కన మాంసం వ్యర్థాలు పడేయొద్దు. చనిపోయిన మేకని కదిలించకుండా, ఫోనులో ఫొటోలు తీసి, ఆ రోజే ఫారెస్టు వాళ్లకి చెప్పి పంచనామా చేయించండి. కళేబరం పూడ్చేశాక వెళ్తే నష్టపరిహారం రావడం చాలా కష్టం.