పడుకుంటే కాళ్ళలో జివ్వుమంటోందా?

కావలి ఊరి అన్నా, వెన్నులో స్టిమ్యులేటర్ (నొప్పి తగ్గడానికి వెన్నుపాము దగ్గర పెట్టిన వైర్లతో సన్నగా కరెంటు ఇచ్చే మిషన్) పెట్టించుకుని నెలైంది, వెల్లకిలా పడుకుంటే కాళ్ళలోకి జివ్వుమని కొడుతోంది, మిషన్ పాడైందా అని అడిగారు. టెన్షన్ పడకండి, ఇది మామూలే. వెల్లకిలా పడుకుంటే వెన్నుపాము వైర్లకి దగ్గరగా జరుగుతుంది, అందుకే కరెంటు గట్టిగా తగులుతుంది. ఒంగోల్లో మా ఇంట్లో నేనూ మొదట్లో మంచం మీద వాలగానే ఉలిక్కిపడి లేచేదాన్ని. ఇప్పుడు మిషన్ రిమోట్ దిండు పక్కనే పెట్టుకుని, కరెంటు రెండు పాయింట్లు తగ్గించాకే నడుం వాలుస్తాను. పొద్దున లేచి నిలబడ్డాక మళ్ళీ పెంచుతాను.

నిలబడినా అలాగే కొడుతున్నా, నొప్పి ఉన్నచోట కాక పొట్టలోకో పక్కటెముకల్లోకో వస్తున్నా వైరు జరిగిందేమో, వెంటనే డాక్టరుకి చూపించండి. డాక్టరు సరేననేదాకా బిందెలు ఎత్తొద్దు, నడుం మెలితిప్పొద్దు అన్నా.