మీరడిగారు: బోయర్ రైతులు బ్రిటిష్ సేనను ఎలా నిలవరించారు?

ప్రశ్న: 1899లో బోయర్ రైతులు బ్రిటిష్ సైన్యాన్ని వరుసగా ఎలా ఓడించారు? అంత గెలిచి చివరికి ఎందుకు లొంగిపోయారు?
– ఒక డిగ్రీ విద్యార్థి, అమలాపురం

జవాబు: బోయర్లంటే దక్షిణాఫ్రికాలో స్థిరపడ్డ డచ్చి సంతతి రైతులు. ఫిరంగి దళం, పోలీసులు తప్ప వాళ్ళకు జీతాల సైన్యం లేదు. పిలుపు రాగానే 16 నుంచి 60 ఏళ్ళ మగవాళ్ళు సొంత గుర్రం, తుపాకి, 30 తూటాలు, ఎనిమిది రోజుల తిండితో రావాలి. ఆ దళాన్నే కమాండో అనేవారు. చాలామంది చేతుల్లో ఉన్నది జర్మన్ మౌజర్ తుపాకి. క్లిప్పులోని అయిదు తూటాలూ ఒక్క నొక్కుతో లోపలికి దిగేవి. బ్రిటిష్ సిపాయి తన లీ-మెట్‌ఫర్డ్‌లో ఒక్కొక్కటే పెట్టుకోవాలి. పైగా పొగరాని మందు, కాల్చిన చోటు తెలిసేది కాదు.

అసలు పనితనం మాత్రం పారలో ఉంది. మన ఏటిగట్టు మీద నిలబడ్డ మనిషి ఎంత దూరానికైనా కనిపిస్తాడు; గట్టు మొదట్లో గడ్డిచాటున కూర్చుంటే కనిపించడు. మాగర్స్‌ఫాంటైన్‌లో బోయర్ సేనాని డి లా రే ఇదే పట్టుకున్నాడు. కొండ నెత్తిన కాకుండా పాదం ముందు సన్నగా, లోతుగా కందకాలు తవ్వించి కొమ్మలు కప్పించాడు. బ్రిటిష్ ఫిరంగులు ఖాళీ కొండను దంచాయి. 1899 డిసెంబరు 11 తెల్లవారుజామున వానలో ఒకే గుంపుగా వచ్చిన హైలాండర్లు (బ్రిటిష్ సేనలోని స్కాట్లాండ్ సిపాయిలు) వరసలు విడదీసుకునేలోపే దాదాపు 400 గజాల నుంచి తూటాలు కురిశాయి. ఆ పోరులో బ్రిటిష్ వైపు చనిపోయినవారు, గాయపడినవారు కలిసి 900 పైచిలుకు.

గెలిచాక తరమలేదు, అక్కడే చెడింది. బ్రిటిష్ దళాలున్న లేడీస్మిత్, కింబర్లీ, మఫెకింగ్ ఊళ్ళను ముట్టడించి కూర్చున్నారు; ఈలోగా బ్రిటన్ నుంచి కొత్త పటాలాలు దిగాయి. ఎద్దుబళ్ళను వదలలేక బోయర్ సేనాని క్రోన్యే 1900 ఫిబ్రవరి 27న పార్డెబర్గ్‌లో సుమారు 4,000 మందితో లొంగిపోయాడు. ఆ తర్వాత డి వెట్ లాంటి బోయర్ నాయకులు రైలుపట్టాలు పేలుస్తూ రెండేళ్ళు నెట్టుకొచ్చారు. వాళ్ళకు తిండి, గుర్రాలు, కబుర్లు అందేది పొలాల నుంచే. అందుకే బ్రిటిష్ సేనాధిపతి కిచెనర్ సుమారు 30,000 ఇళ్ళు కాల్పించి, ముళ్ళకంచెలతో కలిపి 8,000 కాపలా కొట్టాలు కట్టించాడు. ఆడవాళ్ళనూ పిల్లలనూ శిబిరాల్లో కుక్కారు. చాలని రేషన్, తట్టు, టైఫాయిడ్ కలిసి సుమారు 28,000 మంది బోయర్లను చంపాయి, అత్యధికులు పిల్లలే. నల్లవాళ్ళను వేరే శిబిరాల్లో పెట్టారు, అక్కడ చనిపోయినవారు 14,000కు తక్కువ కాదు. ఈ లెక్కను చాలాకాలం ఎవరూ పట్టించుకోకపోవడం ఘోరం. 1902 మే 31న ఫెరీనిఖింగ్ సంధిపై సంతకాలు చేశారు. నల్లవాళ్ళ ఓటు హక్కు సంగతిని బోయర్లకు స్వపరిపాలన వచ్చేదాకా వాయిదా వేసిందీ ఆ సంధే.